నడిమి కుర్చీ

బావగారికి నమస్కారాలు.

ఆదివారం మన ఫుట్‌బాల్ క్లబ్బు గేటు దగ్గర నలుగురూ వింటుండగా నన్ను కొంపలు కూల్చే రకం అన్నారు. ఇక మీతో మాట్లాడనని అక్కడే ఒట్టు పెట్టుకున్నాను. రాయనని పెట్టుకోలేదు కాబట్టి రాస్తున్నాను.

మీరు నెత్తిన పెట్టుకున్న అధ్యక్షుడు ఈ వేసవిలో కొన్న ముగ్గురు ఆటగాళ్లూ గోల్ కొట్టేవాళ్లే. ఉన్న ఒక్క గోల్‌కీపర్ వెళ్లిపోతుంటే చెయ్యి ఊపి పంపాడు. నేను లిఫ్టులు బాగుచేసుకు బతికేవాణ్ణి. ఎంత మంచి మోటారు పెట్టినా, బ్రేకు లేని లిఫ్టు నేనైతే ఎక్కను. అక్క ఏటా ఏమనేదో గుర్తుందా? "ముందు బంతి ఆపేవాణ్ణి తెమ్మనండి, కొట్టేవాళ్ల సంగతి తర్వాత." అక్క పోయాక ఇదే మొదటి సీజన్. ఆ మాట పట్టించుకునే నాథుడు లేడు.

అధ్యక్షుడు దిగిపోయేదాకా మైదానంలో కాలు పెట్టకూడదని అభిమానులం ప్రమాణం చేశాం. మీరూ చేరండి.

మీ బావమరిది

తా.క. మీరు చేసిచ్చిన కళ్లజోడు ముక్కు మీద నిలవడం లేదు. కోపంతో అంటున్నది కాదు, నిజంగానే జారుతోంది.

*

బావమరిదికి ఆశీస్సులు.

కళ్లజోడు జారుతోందంటే నువ్వు తల వంచుకుని నేల చూపులు చూస్తున్నావన్నమాట. తప్పు చేసినవాళ్లు అలాగే చూస్తారు.

అధ్యక్షుణ్ణి దించి ఎవర్ని ఎక్కిస్తారు? ఉపాధ్యక్షుణ్ణేగా. నా దుకాణానికొచ్చి, గోడమీద అన్నిటికన్నా పెద్ద అక్షరం కూడా చదవలేక, బోర్డే తప్పు రాశారని నాతో పోట్లాడిన మనిషి ఆయన. అధ్యక్షుడికి చెప్పకుండా తానే ఒక గోల్‌కీపర్ని కొన్నాడు. అది తెలిసి అధ్యక్షుడు మర్నాడే ఇంకొకణ్ణి కొన్నాడు. ఒక్కడైనా లేడని ఏడ్చావు, ఇప్పుడు ఇద్దరున్నారు. కాయాల్సిన గోల్ మాత్రం ఒకటే.

సీజనంతా ఒకే కుర్చీ దక్కే సీజన్ టికెట్ల సంగతీ అంతే. ఆఫీసు ముందు కిటికీ అధ్యక్షుడి మనుషులది, వెనక కిటికీ ఉపాధ్యక్షుడి మనుషులది. ఇద్దరూ అమ్ముతున్నారు. ఒకరు అమ్మింది ఇంకొకరికి చెప్పరు. ఇదంతా మీ ఉద్యమం పుణ్యమే. నీ ప్రమాణం నువ్వు చేసుకో, నన్ను లాగకు.

నీ బావ

తా.క. మీ అక్క మైదానంలో తన కుర్చీలో వేసుకునే నీలం దిండు ఉతికాను. రంగు దిగింది. ఇప్పుడు నా చొక్కాలన్నీ క్లబ్బు రంగే.

*

బావగారికి,

నమస్కారాలు పెట్టే మనసు లేదు, అలవాటు కొద్దీ పెడుతున్నాను.

శుక్రవారం మీరు ముందు కిటికీ దగ్గర ఒకే ఒక్క టికెట్టు కొని జేబులో పెట్టుకు వెళ్లారని కండువాలమ్మే ఆయన చెప్పాడు. నాది కొనలేదని బాధ లేదు. ఇన్నేళ్లూ నడిమి కుర్చీ అక్కది. అటు మీరు, ఇటు నేను. మన పోట్లాటలన్నీ ఆమె మీదుగానే అవతలికి వెళ్లేవి. పాత పేరు మీద మళ్లీ కొనకపోతే ఆ కుర్చీ ఎవరికో అమ్మేస్తారని మీకు తెలుసు. మీది దక్కించుకుని ఆమెది వదిలేశారా?

'మీ' అని రాయడానికి ఇవాళ చెయ్యి రాని బావమరిది

తా.క. మీ దుకాణం ఉన్న భవనంలో లిఫ్టు ఆగిపోయిందని కబురొచ్చింది. రేపొచ్చి బాగుచేస్తాను. మీరు మెట్లమీద వెళ్లండి. ఎదురుపడితే నా ఒట్టుకి ఇబ్బంది.

*

బావమరిదికి సగం ఆశీస్సులు.

ఎవరి టికెట్టు కొన్నానో నీకు సంజాయిషీ చెప్పుకోను. నీ సంగతి చూసుకో. మైదానంలో కాలు పెట్టనన్న పెద్దమనిషి సోమవారం టోపీ కళ్లమీదికి లాక్కుని వెనక కిటికీ దగ్గర నిలబడ్డాడట. కండువాలమ్మే ఆయన నాకూ చెబుతాడు. నీ కుర్చీ నువ్వు చల్లగా కొనుక్కుని, మీ అక్క కుర్చీ గురించి నాకు ఉపన్యాసమా?

ఇక నీ పక్కన కూర్చునేది లేదు. ఇదే ఆఖరి ఉత్తరం.

బావ

తా.క. లిఫ్టు బాగా పనిచేస్తోంది. ఇది కృతజ్ఞత కాదు, సమాచారం.

*

బావగారికి,

కవరులో టికెట్టు ఉంది, పేరు చూడండి. అక్కది. ప్రమాణం చేసింది నేను, అక్క కాదు. అందుకే టోపీ పెట్టుకుని వెళ్లాను. నా కుర్చీ కొనుక్కోలేదు.

మొదటి ఆటకి దిండు పట్టుకెళ్లి ఆమె కుర్చీలో వేయండి. మీరెలాగూ పక్కనే ఉంటారు. నేను రాను. అక్క పోయినప్పటినుంచి ఎవరితో పోట్లాడాలో తెలియడం లేదు బావగారూ. క్లబ్బు దొరికింది, మీరు దొరికారు.

మీ బావమరిది

తా.క. టోపీ కూడా జారుతోంది. చిక్కిపోయినట్టున్నాను.

*

నాయనా,

నీ టికెట్టు అందింది. నా సొరుగులో ఉన్నదాని పక్కన పెట్టి భూతద్దంతో చూశాను. అదే వరుస, అదే నంబరు, అదే పేరు. ముందు కిటికీలో నేను కొన్నదీ మీ అక్క కుర్చీయే. నాది కొనలేదు. ఆమె లేని కుర్చీ పక్కన, దానవతల నువ్వూ లేకుండా, తొంభై నిమిషాలు ఎటు చూడను?

ఆఫీసుకి వెళ్లి అడిగాను. ముందు కిటికీ వాళ్లు నాదే అసలు టికెట్టన్నారు, వెనక కిటికీ వాళ్లు నీదే అన్నారు. మన కుర్చీలు రెండూ అమ్ముడైపోయాయి. నాది ఒక పళ్ల డాక్టరుకి, నీది ఆయన అత్తగారికి. వాళ్లకి మాటల్లేవట. మధ్యలో ఇంకొకరు కూర్చునే చోటే కావాలని అడిగి మరీ తీసుకున్నారట.

గోల్‌కీపర్లిద్దరికీ రాజీ కుదిర్చారు, మొదటి సగం ఒకడు, రెండో సగం ఇంకొకడు. మనమూ అంతే చేద్దాం. ముందు నువ్వు కూర్చో, నేను వెనక కమ్మీ దగ్గర నిలబడతాను. విరామం తర్వాత నేను. దిండు మాత్రం ఎవరమూ తీయొద్దు. నీ ప్రమాణానికి ఢోకా లేదు. టికెట్టు మీద పేరు మీ అక్కది కనక లోపలికి వెళ్లేది ఆమె. మనం దిండు మోసేవాళ్లం.

నీ బావ

తా.క. కళ్లజోడు పెట్టుకురా, గేటు దగ్గర బిగిస్తాను. నీ ఒట్టు చెడకుండా, మాట్లాడకుండానే బిగిస్తాను.