మీట కింద పసుపు

మెట్‌పల్లి,
కార్తీక సోమవారం.

తమ్ముడు సుధాకర్‌ను దీవించి పెద్దక్క రాయునది. ధర్మపురి నరసింహస్వామి చల్లగా చూస్తున్నాడు, ఇంట్లో అందరం బాగున్నాం. భివండిలో నీ ఆరోగ్యం సంగతి మాత్రం నువ్వు రాయలేదు.

రాజం చేత పంపిన ఉత్తరం అందింది. అడిగినవి ముందు చెప్తాను. అవ్వ మోకాలి నొప్పి తగ్గింది. మొన్న ధర్మపురిలో గోదావరి మెట్లు తనే దిగి దీపం వదిలింది. నీ భార్య నవీన బీడీలు చుట్టడం మానేసి కుట్టుపని నేర్చుకుంటోంది. నీ మీద కోపం లేదట. "ఫోన్ల అరుసుడు తగ్గిస్తే మంచిగుంటడు" అని నవ్వింది.

మిషన్ అమ్మెయ్యమన్నావు. అమ్మలేదు. కారణం చెప్పడానికే ఈ ఉత్తరం.

తలుపుల మీద పూలు చెక్కే ఆ మిషన్‌ను నువ్వు పాతది కొన్నావు. సగం పువ్వు దగ్గర ఆగిపోయేది. నీ చిన్ననాటి దోస్తు నాగరాజే కదా దాని పాత కంట్రోలర్ బోర్డు తీసేసి కొత్తది బిగించింది! అంచుల దగ్గర చిన్న మీటలు కూడా పెట్టాడు. "అక్కా, ఇన్నొద్దులు గిది గుడ్డిది. గిప్పుడు అంచు యాడుందో దానికే ఎర్కైతది. గీ మీట ఒత్తుకుంటే ఆగుతది" అని నాకు చూపించాడు. ఉగాదికి నువ్వు వచ్చేస్తావని, ఇద్దరూ కలిసి దుకాణం పెడతారని ఎంత సంబరపడ్డాడో.

దసరా తెల్లారి నవీన నడిపితే మిషన్ అంచు దగ్గర ఆగలేదు. చట్రానికి గుద్దుకుంది. రాడ్ వంగింది, చెక్కుతున్న టేకు తలుపు చీలింది. నాగరాజు ఉరికొచ్చాడు. నువ్వు ఫోన్‌లో అందరూ వినేటట్టు, "అగ్గువ బోర్డు పెట్టి ముంచినవ్ రా దొంగ! నా ఇంట్ల అడుగు వెట్టకు!" అన్నావు. వాడు "బోర్డు మంచిదే రా" అన్నాడు. అంతే. పానాలు, పట్టకార్లు సంచిలో వేసుకొని వెళ్లిపోయాడు.

సుధాకర్, బోర్డు మంచిదే.

దసరా పూజకు మిషన్ అంతటా పసుపు కుంకుమ పెట్టింది నేను. బాపు బట్ట నేసే సాంచెకు చిన్నప్పటి నుంచి పెట్టిన చెయ్యి ఇది. సాంచెకు ఎక్కడ పెట్టినా ఏమీ కాదు. పోయిన దసరాకు ఈ మిషన్‌కూ ఏమీ కాలేదు, అప్పుడు ఆ మీటలు లేవు. ఈసారి బంతిపువ్వు నిలవాలని మీట సందులో పసుపు ముద్ద అద్దాను. అది తెల్లారేసరికి ఎండి రాయయింది. మీట కిందికి వంగలేదు.

ఇది తెలియక చేసింది. తరువాతిది తెలిసే చేశాను. నాగరాజు రాకముందే నేను చూశాను. పిన్నీసుతో ఆ ముద్దను గీకి కొంగులో దాచుకున్నాను. నువ్వు వాణ్ణి తిడుతుంటే పక్కనే నిలబడ్డాను. పూజ అపచారమైందంటారన్న భయం నా నోరు కట్టేసింది. నీ మాట బజారెక్కింది. ఇప్పుడు వాడికి ఎవరూ మిషన్ పని ఇవ్వడం లేదు.

నిన్న వాడింటికి వెళ్లి అంతా చెప్పాను.

"ఎర్కనే అక్కా. మీట సందుల పచ్చగ మిగిలింది, సూసిన."

"మరి ఎందుకు చెప్పలే, బిడ్డా?"

"పూజ చేసిన చెయ్యిని ఎట్ల అంటనక్కా? మా అవ్వ దసరాకు నా బండి లైటుకు బొట్టు పెడ్తది. దీపావళి దాంక ఎర్రగనే ఎలుగుతది." నవ్వాడు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. "బోర్డు కరాబన్నా ఓర్సుకుందు. వాడు నన్ను దొంగ అన్నడక్కా. గదొక్కటే పోతలేదు."

ఖానాపూర్‌లో కట్టె కోత మిషన్ దగ్గర పని ఒప్పుకున్నాడు. వచ్చే సోమవారం వెళ్తున్నాడు. నేను ఎంత బతిమాలినా "సూద్దాం" అనలేదు.

రోజూ స్వామి ముందు కూర్చుంటున్నాను. జపం సాగడం లేదు.

ఇది ఫోన్‌లో చెప్పవచ్చు. చెప్తే నువ్వు "పోనీ తియ్ అక్కా" అంటావు. ఆ మాట నాకు వద్దు. ఉత్తరం చదివాక నాకు ఫోన్ చెయ్యకు. వాడికి చెయ్యి.

ఇట్లు,
నీ పెద్దక్క
అనసూర్య