పది పేర్లూ ఒక వాక్యూమ్ క్లీనరూ

కుట్టుపని వదినగారికి,

ఆసుపత్రి వదిన నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. మా పరువు మాత్రం మంచాన పడింది. అంతా మీ చలవే.

ఫోన్ చేద్దామనుకున్నాను. ఫోన్లో అయితే మీరు నన్ను ఒక్క ముక్క మాట్లాడనివ్వరు. ఉత్తరాన్ని మధ్యలో ఆపలేరు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను.

నిన్న పొద్దున మెడకి టై కట్టుకున్న ఒక పెద్దమనిషి పెద్ద పెట్టె మోసుకుంటూ మా గుమ్మంలోకి వచ్చాడు. "మీ వియ్యపురాలుగారు పంపించారండీ" అన్నాడు. మీ పేరు చెప్పాడు కదా అని లోపలికి పిలిచి, కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చాను. పెట్టెలోంచి వాక్యూమ్ క్లీనర్ తీశాడు. అడక్కుండానే పడగ్గదిలోకి నడిచాడు. మా పరుపు మీద దాన్ని రెండు నిమిషాలు బర్రుమనిపించి, అందులోంచి ఒక తెల్లగుడ్డ లాగి, "చూడండమ్మా, మీరు రోజూ పడుకునేది దీని మీద" అన్నాడు. గుడ్డ మీద గుప్పెడు దుమ్ము! చప్పుడికి ఎదురింటి టీచరమ్మా, కిందింటావిడా అప్పటికే వచ్చి నిలబడ్డారు. ఇద్దరూ ముక్కులు మూసుకున్నారు. నాకు తల తీసేసినట్టయింది.

ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో వార్డు నడిపినదాన్ని. నా వార్డులోకి రావాలంటే పెద్ద డాక్టరుగారు కూడా చెప్పులు చూసుకునేవారు. అలాంటిది నా పరుపులో దుమ్ము గుడ్డకెత్తి నాకే చూపిస్తాడా!

మీరెందుకు పంపారో నాకు తెలియదనుకోకండి. ఒకటో తారీఖున మీ అమ్మాయి, అదే మా కోడలు, సెలవు ముగించి ఉద్యోగంలో చేరుతోంది. పాపకి ఏడో నెల. ఇప్పుడిప్పుడే పాకుతోంది. నా దగ్గర ఉంచండని నేనడిగాను, మీ దగ్గర ఉంచమని మీరడిగారు. మా ఇల్లు మురికికూపమని తేల్చేస్తే పాప మీకు దక్కుతుంది. అంతేనా? ఇంత ఎత్తు వేస్తారనుకోలేదు.

ఇట్లు,
మురికి పరుపు మీద నిద్రపోతున్న
మీ వియ్యపురాలు

తా.క.: ఆ గుడ్డని ఆయన మడిచి జేబులో పెట్టుకుపోయాడు. పక్కవీధిలో "ఇది నర్సమ్మగారి పరుపులోది" అని ఇంటింటికీ చూపిస్తున్నాడట. నా దుమ్ము నాకు తెప్పించండి.

*

ఆసుపత్రి వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. చదివేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. ఎత్తు వేయడమేమిటండీ? నాకు జేబు కుట్టడం వచ్చు, కాలరు తిప్పడం వచ్చు, ఎత్తులు వేయడం రాదు.

జరిగింది ఇదీ. ఆ టై పెద్దమనిషి ముందు మా ఇంటికే వచ్చాడు. మా పరుపులోంచీ దుమ్ము తీశాడు. నలుగురూ బట్టలు కుట్టించుకోవడానికి వచ్చే ఇల్లు మాది, సిగ్గేసి మిషను కొనేశాను. ఖరీదు చెప్పను. ఆ డబ్బుకి కొత్త కుట్టుమిషన్లు రెండొచ్చేవని మాత్రం చెప్తాను. మా ఆయన, మీ అన్నయ్య, రసీదు చూసినప్పట్నుంచీ నాతో సైగలే చేస్తున్నారు.

కొన్నాక ఆయన, "తెలిసినవాళ్ళ పేర్లు పది రాసివ్వండమ్మా, సందుల్లోకి దూరే సన్నమూతి గొట్టం ఉచితం" అన్నాడు. ఉచితంగా ఇస్తుంటే ఎవరు కాదంటారు? మొదటి పేరు మీదే రాశాను. ప్రేమకొద్దీ రాశాను వదినగారూ! మా అక్క పేరు కూడా రాయలేదు. ఆ గౌరవానికి మీరిచ్చిన బహుమానం ఈ ఉత్తరం. మురికికూపం అన్న మాట నేననలేదు, మీరే రాశారు. ఆ కాగితం దాచి ఉంచాను.

ఒకటడుగుతాను, కోప్పడకండి. మీకు గుప్పెడు వచ్చిందా? మాకు అరగుప్పెడే వచ్చింది.

ఎలాగూ మిషను కొన్నది నేను. పాకే పిల్లకి దుమ్ములేని నేల కావాలి. కాబట్టి పాప ఇక్కడుండటమే న్యాయం. మీరే ఆలోచించుకోండి.

ఉంటాను,
మీ మంచి కోరే వదిన

తా.క.: మీ దుమ్ము సంగతి ఆయన్ని ఫోన్లో అడిగాను. "అది కంపెనీ ఆస్తండీ" అన్నాడు.

*

వదినగారికి,

అరగుప్పెడు అని రాయడానికి మీకు చేతులెలా వచ్చాయండీ?

ఆ పెద్దమనిషిని నేనే మళ్ళీ పిలిపించాను. ఈసారి టీచరమ్మనీ కిందింటావిడనీ కుర్చీలేసి కూర్చోబెట్టాను. అదే పరుపు మళ్ళీ లాగమన్నాను. దుమ్ము వచ్చింది. మళ్ళీ లాగమన్నాను. మళ్ళీ వచ్చింది. ఐదోసారీ వచ్చింది. "ఇంత ఖరీదైన మిషనయితే మొదటిసారికే అయిపోవాలి కదయ్యా" అన్నాను. ఆయన తొడుక్కున్న కోటు విప్పించి దాని మీద పెట్టించాను. నా పరుపుకన్నా ఎక్కువ వచ్చింది. "దుమ్ము రాని చోటొకటి చూపించు, ఇప్పుడే కొంటాను" అన్నాను. పెట్టె సర్దుకున్నాడు. అర్థమైందా? ఏ ఇంట్లోనైనా వస్తుంది. మిమ్మల్ని నలుగురిలో సిగ్గుపడేలా చేసి రెండు కుట్టుమిషన్లు ఎత్తుకుపోయాడు. నా దగ్గర చీపురుంది, తడిగుడ్డ ఉంది, నడుం వంగుతుంది. నాకింకేం అక్కర్లేదు.

పాప సంగతి. గుండుసూదులు రాలే ఇంట్లో పాకే పిల్లని వదిలేంత వెర్రిదాన్ని కాను. ఈ విషయంలో ఇంక బేరాల్లేవు.

ఆయన వెళ్తూ వెళ్తూ, కొనకపోయినా పర్వాలేదు, పది పేర్లివ్వమన్నాడు. సంతోషంగా ఇచ్చాను. మొదటిది మీ అక్కగారిది. మిగతా తొమ్మిదీ మీ దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్ళవి. మన పిల్లల పెళ్ళిలో పరిచయమయ్యారు కదా, ఇళ్ళ గుర్తులు కూడా చెప్పాను. అందరికీ మీరే పంపారని చెప్పమన్నాను.

ఇట్లు,
కోటుకన్నా శుభ్రమైన పరుపుగల
మీ వియ్యపురాలు

తా.క.: ఆ రోజునుంచీ మా ఆయన పరుపు వద్దని హాల్లో చాప మీద పడుకుంటున్నారు. గురక గోడ అవతలికి పోయింది. ఆ ఒక్కదానికీ మీకు కృతజ్ఞతలు.

*

వదినగారూ,

ఎంత పని చేశారండీ! మీ కడుపు చల్లబడిందా?

మా అక్క ఫోన్ చేసి, "నా ఇల్లు మురికిగా ఉందని నీకెప్పట్నుంచి అనిపిస్తోందే?" అని ఒక్కమాట అడిగి పెట్టేసింది. నలభై ఏళ్ళలో మా అక్క ఒక్కమాటతో ఫోన్ పెట్టేయడం ఇదే మొదలు. మందుల షాపావిడ వచ్చి, కుట్టడానికిచ్చిన గుడ్డ అడిగి పుచ్చుకుంది. బ్యాంకులో పనిచేసే ఆవిడయితే ఒక చెయ్యే కుట్టిన జాకెట్టు అలాగే లాక్కుపోయింది. రెండో చెయ్యి ఎవరిచేత కుట్టించుకుంటుందో! వారంలో ఐదుగురు పోయారు. పగలంతా మిషను ముందు ఊరికే కూర్చుని పెడలు తొక్కుతున్నాను.

ఇంకో సంగతి. ఎవరినోటో మీ చెవిన పడేలోపు నేనే చెప్తాను. ఆ వాక్యూమ్ క్లీనరు నా కొలతల టేపు మింగింది. బొత్తాలు మింగింది. ఇరవై ఏళ్ళుగా వాడుతున్న కాలరు నమూనా అట్టముక్క కూడా మింగింది. మింగి, ఆగిపోయింది. సంచి విప్పి బొత్తాలు ఏరుకుందామని చూస్తే ఇన్నాళ్ళ దుమ్మూ ఒక్కసారే గదంతా పరుచుకుంది. దాన్ని చీపురుతో ఊడ్చాను. ఈ ముక్క అన్నయ్యగారికి చెప్పారంటే మన చుట్టరికం అయిపోయినట్టే.

అయినా పాప దగ్గర మాత్రం తగ్గను. గుండుసూదులన్నీ డబ్బాలో పోసి బీరువా మీద పెట్టాను. పాప రాకుండా కుట్టుగది గుమ్మానికి అడ్డం కట్టించాను. అమ్మమ్మ కావాలో నానమ్మ కావాలో ఆదివారంలోగా తేల్చుకోమని మా అమ్మాయికి రాసేశాను.

ఇట్లు,
మీ దయవల్ల తీరిగ్గా ఉన్న
వదిన

తా.క.: మిషను బాగుచేయడానికి టై పెద్దమనిషి సోమవారం వస్తానన్నాడు. రావడం వరకే ఆయన చేతిలో ఉంది.

*

వదినగారికి,

చెయ్యొక్కటే ఉన్న జాకెట్టు సంగతి చదివి చాలాసేపు నవ్వాను. ఆ తర్వాత కొంచెం బాధపడ్డాను. ముందు నవ్విన మాట దాచను.

మీరలా రాస్తే నేను ఊరుకుంటానా? మా అబ్బాయికి నేనూ రాశాను. పాపకోసం ఉయ్యాల బిగించాం, మంచం, బీరువా రేకు అంచులన్నిటికీ గుడ్డ చుట్టాం, తీసుకొచ్చి దింపమన్నాను. వాడినుంచి జవాబు లేదు. ఫోన్ చేస్తే "తర్వాత మాట్లాడతానమ్మా" అంటాడు. వెనకనుంచి కోడలు ఏదో నెమ్మదిగా చెప్తున్నట్టు వినిపిస్తుంది. మీరే ఏదో నూరిపోసి ఉంటారు. ఇది మాత్రం బాగాలేదు.

ఇట్లు,
ఉయ్యాల సిద్ధం చేసుకున్న
నానమ్మ

తా.క.: ఎదురింటి టీచరమ్మ ఆ మిషను కొంది. తలుపు బార్లా తీసిపెట్టి, మా ఇంటివైపే చూస్తూ నడుపుతోంది.

*

వదినా,

ఈ ఉత్తరం కూర్చుని చదవండి.

సోమవారం టై పెద్దమనిషి వచ్చాడు. రాగానే తలుపు గడియపెట్టాను. "నాకు మీరెవరో తెలియదు, మరి మొదట నా గుమ్మం మీకెవరు చూపించారు? నేనెవరి కాగితంలో ఉన్నాను?" అని అడిగాను. చెప్పకూడదన్నాడు. కత్తెర తెచ్చి బల్లమీద పెట్టాను. ఏమీ అనలేదు, ఊరికే పెట్టాను. సంచిలోంచి కాగితం తీశాడు. అందులో మొదటి పేరు నాది. రెండోది మీది. ఆ రాత మా అమ్మాయిది.

అప్పటికప్పుడు అమ్మాయికి ఫోన్ చేస్తే అంతా ఒప్పుకుంది. పిల్లలూ ఆ మిషను కొన్నారు వదినా. నాకన్నా వారం ముందు, వాయిదాల మీద కొన్నారు. తిడతామని మనకి చెప్పలేదు. జీతం లేకుండా ఇంకో నాలుగు నెలలు సెలవిస్తామని ఆఫీసులో అన్నారట. వాయిదాలు కట్టాలని అది వద్దనుకుని ఒకటో తారీఖున చేరుతోంది. పాపని మనలో ఎవరికో ఒకరికి అప్పగించేది అందుకు! ఇక్కడ మనం ఎవరి ఇల్లు శుభ్రమని జుట్లు పట్టుకుంటున్నాం.

నాకు కోపం నెత్తికెక్కింది. "చంటిపిల్ల తల్లికి ఇంత ఖరీదు మిషను ఎలా అంటగట్టావయ్యా? ఏం చూపించి హడలగొట్టావు?" అని ఉతికి ఆరేశాను. ఆయన టై వదులు చేసుకుని ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "నేనేం చూపించలేదమ్మా. గుడ్డ కూడా తీయలేదు. తలుపు తీయగానే ఆవిడే ఎంత అని అడిగారు. మా అమ్మా, మా అత్తగారూ వచ్చినప్పుడల్లా కిటికీ అంచుమీద వేలు రాసి దుమ్ముందేమో చూస్తారు, ఇది ఉంటే ఆ వేలికి ఏమీ అంటుకోదు కదా అన్నారు. అంటుకోదన్నాను. సంతకం పెట్టేశారు."

వదినా, మీరలా వేలు రాసి చూడటం నేను చూశాను. నేనూ చూస్తాను. చూసి పైకేమీ అనను, వేలు కొంగుకి తుడుచుకుంటాను. అది చూసి పిల్ల ఏమనుకుంటుందోనని ఒక్కనాడూ ఆలోచించలేదు. సిగ్గుతో కుర్చీలో కూలబడితే టై పెద్దమనిషే లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

రసీదు వెనక సన్నక్షరాల్లో, నలభై రోజుల్లో వద్దంటే వెనక్కి తీసుకోవాలని ఉంది. వాళ్ళదానికి ఇంకా పది రోజుల గడువుంది. నాదీ, వాళ్ళదీ రెండూ కంపెనీవాళ్ళ మొహాన కొట్టేద్దాం. కంపెనీ ఆఫీసు పిల్లల ఊళ్ళోనే ఉంది. శనివారం మొదటి బస్సుకి బయల్దేరండి. నా దాని కడుపులో టేపుందని వాళ్ళు పేచీ పెడతారు. వార్డులో వాడిన ఆ గొంతు మీ దగ్గర ఇంకా ఉంటే తీసుకురండి.

వాయిదాలు లేకపోతే అమ్మాయి సెలవు పొడిగించుకుంటుంది. పాప మీ ఇంటికీ రాదు, మా ఇంటికీ రాదు. రాస్తుంటే నాకు ఏడుపొస్తోంది. చదివితే మీకూ వస్తుంది. అయినా పాప ఉండాల్సింది దాని తల్లి దగ్గరే.

ఇట్లు,
మీ వదిన

తా.క.: వాళ్ళింట్లో ఉన్నంతసేపూ ఇద్దరం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుందాం. కిటికీవైపు నా చెయ్యి వెళ్తే గట్టిగా గిల్లండి. మీది వెళ్తే నేను గిల్లుతాను.