సంగవి మాటకు తమిళం

కోవిల్‌పట్టి, బుధవారం

నా కార్తీశ్వరికి,

అత్తమ్మ లేచి నాలుగడుగులు వేస్తోందని విని సంతోషించాను. ఫోన్‌లో చెప్పలేని సంగతి ఒకటుంది. ఇంట్లో ఫోన్ ఎప్పుడూ మన పాప సంగవి చేతిలోనే ఉంటుంది. తెలుగు అక్షరాలు మనిద్దరికే వచ్చు గనుక ఇలా రాస్తున్నాను. కుమారవేల్ మిట్టాయి పెట్టెలతో రేపు విరుదునగర్ వస్తాడు, అతని చేతికి ఇస్తాను.

ఈ రోజు పాప బడికి నన్ను పిలిచారు. పదకొండో తరగతి ఆడపిల్లల వాట్సాప్ గ్రూపులో సంగవి ఇళవరసిని ఎగతాళి చేస్తూ వాయిస్ పెట్టిందట. ఇళవరసి మన మాయక్కాళ్ కూతురు. పోయిన ఏడు శివకాశి పక్క పటాసుల ఫ్యాక్టరీ పేలుడులో తండ్రిని పోగొట్టుకున్న పిల్ల. ఆ వాయిస్ విన్నాక బడికి రావడం మానేసింది.

హెడ్‌మిస్ట్రెస్ తమిళావిడ. వాయిస్ మన ఇంటి తెలుగులో ఉంది. అర్థం అడిగితే మాయక్కాళ్, "ఆ మాట నా నోట రాదు టీచర్" అని ఏడ్చింది. సంగవి "వేడుకకి అంటిని" అంటోంది. చివరికి ఆవిడ నాతో, "శుక్రవారం అందరినీ కూర్చోబెడతాను. మీరే తమిళంలో చెప్పండి సార్. మీ మాటే తీసుకుంటాను" అన్నది.

విన్నాను. మన పాప గొంతే. ఇక్కడ రాయడానికి చెయ్యి రావడం లేదు. ఉన్నదున్నట్టు చెబితే పాపను బడినుంచి పంపేస్తారేమో. తగ్గించి చెబితే ఆ పిల్ల అబద్ధాలకోరు అవుతుంది. నాకేమీ తోచడం లేదు. నువ్వేమంటావు?

నీ తిరుమలసామి

కోవిల్‌పట్టి, శనివారం

కార్తీశ్వరీ,

"పిల్లల వేడుక అని చెప్పేయండి, పాప చదువు ముఖ్యం" అన్నావు ఫోన్‌లో. నీకు కోపం వస్తుందని తెలిసే రాస్తున్నాను.

నిన్న బడిలో మొదట నువ్వు చెప్పినట్టే చేశాను. వాయిస్ వినిపించారు. "పటాసులంటే భయమా అని ఆటపట్టించింది టీచర్, అంతే" అన్నాను. మాయక్కాళ్ నన్ను చూసి, "ఏం అన్నా, తెలుగు మరిచిపోతివా?" అన్నది.

అప్పుడు తల్లి పక్కన కూర్చున్న ఇళవరసి లేచింది. గోడను చూస్తూ, పాఠం ఒప్పజెప్పినట్టు తమిళంలో చెప్పింది: "మీ నాయన పటాసు మాదిరి పేలిపోయాడే, నువ్వెప్పుడు పేలతావు? ముందే చెప్పు, అందరం వచ్చి వేడుక చూస్తాం." వాయిస్‌లో సంగవి నవ్విన చోట ఆగి, మళ్ళీ చెప్పింది.

"ఇదేనా సార్?" అన్నది టీచర్.

"ఆమాం టీచర్, ఇదే. ఒక్క మాటా మారలేదు. నేను చెప్పిందే అబద్ధం."

సంగవిని రెండు వారాలు బడికి రావద్దన్నారు. బస్సులో నాకు దూరంగా కూర్చుంది. ఇంటికొచ్చి, "కన్న నాయనవే నువ్వు, నన్ను పట్టిస్తివి" అని తలుపు వేసుకుంది. సాయంత్రం తనే వచ్చి నిలబడింది. "నాయనా, నేను ఒక్క తూరే అంటిని. ఆమెకు నవ్వుతో సహా ఎట్ల తెలుసు?" అన్నది. అంతలోనే ఏడుపు మొదలుపెట్టింది. దగ్గరికి తీసుకోవాలో వద్దో వెంటనే తెలియలేదు. తర్వాత తీసుకున్నాను.

రేపు మాయక్కాళ్ ఇంటికి పోతున్నాను. పాప వస్తాననలేదు, రాననీ అనలేదు. వాళ్లు తలుపు తీస్తారో లేదో. తీస్తే ఏం మాట్లాడాలో అదీ తెలియదు. నేను చేసింది పాపకు మంచో చెడో ఇంకా తేలలేదు నాకు. తిట్టాలనుంటే వచ్చి తిట్టు. ఒక్కడి వల్ల కావడం లేదు.

తిరుమలసామి