పారబోసిన పాలు

మంగళవారం, మన్సూరాబాద్

ఇయ్యాల అక్క పాలు సింకు పాలైనయంటే తప్పు నాదే. నెలలు నిండకుండ పుట్టిన పాప దవాఖానల ఉంది. ట్యూబుతో చుక్క చుక్క పోస్తున్నరు. ఇంట్ల అక్క నొప్పికి పళ్లు బిగబట్టి పంపుతో పాలు తీస్తది, నేను బండి మీద తీస్కపోయి ఇస్త.

నర్సమ్మ అడిగింది: "పంపు దేంతో కడుగుతున్నరు తమ్మీ?"

"నల్లా నీళ్లతో. వంటింటి గుడ్డతో తుడుస్తం."

"మరగబెట్టరా?"

"తల్లిపాలు మరగబెట్టొద్దని మీరిచ్చిన కరపత్రంల ఉంది! మీకు తెల్వదా?" అని లీడర్ లెక్క అరిచిన.

"అది పాల సంగతి లీడర్ సాబ్, పంపుది కాదు. తల్లిపాలల్ల ఉండే సూక్ష్మజీవులు పాపకు మంచియే. మీ గుడ్డ మీదియి గీ పిల్ల తట్టుకోదు," అని పాల సీసా సింకుల వంచింది.

పంపు మరగబెడతనన్న అమ్మను ఆ కరపత్రం చూపెట్టి ఆపింది గూడ నేనే. నిన్నటిదాక పోసిన పాలు పాపను ఏం చేసినయో...

"పాప తాగిందారా?" అని ఇంటికి రాంగనే అక్క అడిగింది. తాగిందని తలూపిన. నిజం ఎట్ల చెప్పాలె?

రేపు పొద్దుగాల ఆరింటికి అమ్మ, బావ, నేను వంటింట్ల ఉండాలె. పంపు మరిగి, ముగ్గురం చేతులు కడుక్కున్నంకనే అక్కను లేపాలె.