గడి గోడకు సున్నం

మామా, నువ్వు పోయి నేటికి ఏడాది.

దొర గడి గోడ నీడకు మన వంకాయ మొక్కలు కాయడం లేదని, మధ్యాహ్నపు ఎండైనా తెల్లటి గోడ మీద పడి, తిరిగి మొక్కలకు తగలాలని, పెరటివైపు సున్నం కొట్టావు. ఎందుకో నువ్వు చెప్పినా వినక, అడగకుండా గోడ ముట్టావని గడిలోకి లాక్కెళ్లి కొట్టారు. మూడో రోజుకు నువ్వు లేవు. ఆ సున్నం గీకేశారు.

సూర్యాపేటలో మిలిటరీ దిగాక, సంఘం వాళ్లకు భయపడి పారిపోయిన దొర తిరిగొస్తున్నాడని గడి అంతటికీ సున్నం వేయించారు. మన మొక్కలు విరగకాశాయి.

ఈ పొద్దున, నిన్ను కొట్టిన గడి మనిషే గంపతో వచ్చాడు.

“దొర వంకాయ కూర అడిగిండు. లేతయి సూసి తెంపు,” అన్నాడు. కాపు చూసి, “నీ మొగడు చెప్పింది నిజమే ఉన్నది,” అన్నాడు.

తెంపి గంప నింపాను. తొడిమ ముళ్లు వేళ్లలో విరిగాయి. ఇంకా తీయలేదు.