తేనెపెట్టె మూసిన రోజు

12 ఫిబ్రవరి 1984

తేనెటీగలు పెట్టెలో కుదురుకున్నాయి. పెంపకం ట్రైనింగులో నాలుగు రోజులూ నోట్సు రాసుకున్నానే గానీ, పట్టడం నా వల్ల కాలేదు. తమ్ముడు అంజినప్పే పట్టాడు. బావిగట్టు పుట్టలో చెయ్యి పెట్టి తెట్టెలు ఒక్కొక్కటే తీసి, చట్రాలకు అరటినారతో కట్టాడు. ముఖం మీద ఆరు చోట్ల కుట్టాయి. అయినా నవ్వుతూనే ఉన్నాడు. నేను దుప్పటి కప్పుకుని దూరంగా నిలబడి, రాణి ఈగ జాగ్రత్త అని అరిచాను.

"ఉత్తరాల మీద ముద్రలేసుకునే నీకు ఇవెందుకన్నా?" అన్నాడు.

ఎందుకో నాకూ సరిగ్గా తెలియదు. ముప్పై ఎనిమిదేళ్లొచ్చాయి. పెళ్లి చేసుకోలేదు. రెండు పూటలా తిండి తమ్ముడి ఇంట్లోనే. నాదంటూ ఒకటి ఉండాలనిపించింది.

3 మార్చి

కుట్టింది. ఎడమ కన్ను మూసుకుపోయింది. స్టాంపులు ఒంటికంటితోనే అమ్మాను.

22 ఏప్రిల్

మొదటి తేనె. అర సీసా. తమ్ముడి భార్య ఓబులమ్మ వేలితో నాకి, వేపపూత చేదు తగులుతోంది బావా అంది. అంటూనే మళ్లీ నాకింది. ముగ్గురం నవ్వుకున్నాం.

30 జులై

వాన లేదు. జూన్లో ఒక్క పదును వాన పడితే తమ్ముడు నాలుగెకరాల్లో వేరుశెనగ వేశాడు. మేకలకు మేత లేక పెరటి వేపచెట్టు కొమ్మలన్నీ నరికి వేశాను. పెట్టె మీద నీడ పోయింది. తడిక ఒకటి కట్టాలి.

19 ఆగస్టు

చేనుకు గొంగళిపురుగు పట్టింది. తమ్ముడు మందు తెచ్చుకుని రెండు రోజులైనా కొట్టలేదు. నా ఈగలు చస్తాయనట. ఓబులమ్మే చెప్పింది, కోపంగా.

"ఆకంతా తింటాండాయి బావా. ఈయప్ప చూస్తే అన్న ఈగలు, అన్న ఈగలు అంటాండాడు."

సిగ్గేసింది. రేపే కొట్టమని తమ్ముడితో చెప్పాను. పొద్దున్నే పెట్టె ద్వారం మూసి, మధ్యాహ్నం తీస్తానన్నాను. తడిక ఇంకా కట్టలేదు.

20 ఆగస్టు, ఉదయం 5

ద్వారంలో తడిగుడ్డ కుక్కాను. లోపల ఒకటే రొద.

20 ఆగస్టు, సాయంత్రం 6

మెయిలు బ్యాగు ఆలస్యంగా వచ్చింది. మనియార్డర్లు. ముసలివాళ్లు వరసకట్టారు. ఒక్కొక్కరి వేలిముద్ర తీసుకుంటూ గుడ్డ సంగతి మరిచిపోయాను. మరిచిపోయాను. నాలుగున్నరకు గుర్తొచ్చి పరుగెత్తాను.

పెట్టె అడుగు నుంచి తేనె కారుతోంది. మూత ముట్టుకుంటే చెయ్యి కాలింది. మైనం కరిగి తెట్టెలన్నీ ఒకదాని మీద ఒకటి కూలిపోయాయి. ఈగలన్నీ ఆ ముద్దలో ఉన్నాయి. గుడ్డ ఎండి అట్ట కట్టింది. ఎండవేళ గాలి ఆడకుండా మూయరాదని నా నోట్సులో ఉంది. నా చేత్తో రాసుకున్నదే.

అంతా గీకి పెంటగుంటలో పూడ్చాను. పెట్టె కడిగాను.

తమ్ముడు చేనులోంచి నేరుగా వచ్చాడు. ఒళ్లంతా మందు వాసన. ఖాళీ పెట్టె చూశాడు.

"నా మందుకే సచ్చినాయా అన్నా?"

అవునన్నట్టు తల ఊపాను.

21 ఆగస్టు

అన్నానికి వెళ్లలేదు. ఓబులమ్మే గిన్నెలో తెచ్చి పెట్టింది. తమ్ముడు ముద్ద ముట్టలేదట.

23 ఆగస్టు

చెప్పాలి. రేపు.

28 ఆగస్టు

రేపు రేపు అంటూనే ఉన్నాను.

మొన్న తెల్లారేసరికి తమ్ముడు గుండ్లకొండ ఎక్కాడు, నాకు చెప్పకుండా. అక్కడి బండ సందులో ఈగలున్నాయని గొర్రెలు కాసే పాపన్నను అడిగి తెలుసుకున్నాడట. ఈగలు పట్టి కండువాలో మూటగట్టి, దిగేటప్పుడు కాలు జారాడు. పాపన్నే నలుగురిని పిలుచుకుని మంచం మీద మోసుకొచ్చాడు. మూట తమ్ముడి పిడికిట్లోనే ఉంది. విడిపించి గూట్లో పెట్టాను.

ఆసుపత్రికని కళ్యాణదుర్గం బస్సులో తమ్ముడి తల నా ఒళ్లో పెట్టుకున్నాను. ఓబులమ్మ కాళ్లు పట్టుకుని కూర్చుంది. ఒక్కసారి కళ్లు తెరిచాడు.

"రాణి ఈగ దొరికిందన్నా. మూటలో ఉండాది, సూసుకో."

అప్పుడైనా చెప్పాల్సింది. బస్సు నిండా జనం. మాట్లాడొద్దు, పడుకో అన్నాను.

కళ్యాణదుర్గం ఇంకా రాలేదు. ఓబులమ్మ కేకకు డ్రైవరు బస్సు ఆపేశాడు.

29 ఆగస్టు

మూట విప్పాను. పది, ఇరవై ఎగిరిపోయాయి. మిగతావి కదల్లేదు.

6 సెప్టెంబరు

కర్మ అయిపోయింది. చుట్టాలు వెళ్లిపోయాక వసారాలో ఓబులమ్మ ముందు కూర్చుని చెప్పాను. గుడ్డ కుక్కడం నుంచి తల ఊపడం దాకా, ఏదీ దాచలేదు.



"ఆ ఐదు రోజులూ ఆయప్ప నిద్రపోలేదు బావా. నా చేత్తో సంపితి, అన్నకు తెచ్చియ్యాల అని ఒకటే మాట. నువ్వు ఒక్క మాట చెప్పలేకపోతివా?"

లోపలికి పోయి తలుపు వేసుకుంది.

7 సెప్టెంబరు

వంట మొదలుపెట్టాను. అన్నం మాడింది.

15 అక్టోబరు

సెలవు పెట్టాను. ఓబులమ్మ ఒక్కతే వేరుశెనగ పీకుతోంది. పక్క సాలు పట్టుకున్నాను. పొమ్మనలేదు. మధ్యాహ్నం చెంబుతో నీళ్లు నా సాలు చివర పెట్టి, తన సాలుకు వెళ్లిపోయింది.