తియ్యని తెలుపు

అమ్మా,

ఊళ్ళో పిల్లలందరికీ బొమ్మలు వెయ్యడం నేర్పిన నాన్న నాకెందుకు నేర్పలేదు? ఊహ తెలిసినప్పటి నుంచీ మోస్తున్న ప్రశ్న ఇది. మంచీచెడూ రాయకుండా ఇదేం మొదలుపెట్టడం అనుకోకు. నీకు నమస్కారాలు. ఇక్కడ పొయ్యి వెలుగుతోంది, అందరం వేళకు తింటున్నాం. అక్కడ చెల్లీ, దాని పసివాడూ కులాసాగా ఉన్నారని చదివి మనసు కుదుటపడింది.

నువ్వు అడిగినవాటికి జవాబులు. కుళాయి బాగుచేయించాను. నాన్న మందులు వేసుకుంటున్నారు, నేను ఎదురుగా నిలబడితేనే. ఆసుపత్రిలో పిల్లల వార్డు గోడ మీద ఆయన వేస్తున్న బొమ్మ సగంలో ఆగిపోయింది. ఏనుగుకి తొండం వచ్చింది, కాళ్ళు రాలేదు. వరద తీశాక ఇంటింటికీ తిరిగి, తలుపుల మీద చెరిగిపోయిన పేర్లన్నీ ఊరికే రాసిపెట్టిన మనిషి, నిచ్చెన ఎక్కొద్దంటే వింటారా? తను గోడ పని చూసుకుంటారట, నన్ను నా పని చూసుకోమంటారు.

చేతి వణుకు ఎక్కువైంది. కుడి మణికట్టు వేలాడిపోతోంది. డాక్టరమ్మ సంతకానికి పెన్నిస్తే, కాగితం మీద పెట్టేముందు దాని మొన పెదాలకి అద్దుకున్నారు. నీకు తెలిసిన అలవాటే. కుంచె మొన సూదిలా రావాలంటే పెదాల మధ్య తిప్పాలన్నది ఆయన పిల్లలకి చెప్పే మొదటి పాఠం కదా. ఆవిడ ఆ పెన్ను వంకే చూస్తూ, రంగులు ఎవరు కలుపుతారని అడిగింది. తనే కలుపుకుంటానన్నారు, గర్వంగా. అప్పుడు రక్తం తీయించింది.

ఫలితం వచ్చిన రోజు నాన్నని బయట కూర్చోబెట్టి నాతో మాట్లాడింది. రక్తంలో సీసం ఉందట, చెయ్యి పడిపోతున్నది ఆ విషంతోనేనట. ఆయన వాడే పాతకాలపు తెల్లపొడిలోదే. నాలుకకి తియ్యగా తగులుతుందట.

ఆయనకి ఇంకా చెప్పలేదు. డబ్బాలో పొడి తీసేసి, మంచిది కొని పోశాను. మర్నాడు కుంచె పెదాల మధ్య తిప్పుకుని, ఆగి, నావైపు చూశారు.

"ఈ తెలుపులో తీపి లేదేంటమ్మా?"

వరండా చెమ్మపట్టిందని వంక పెట్టి ఆదివారం క్లాసు ఆపించాను. పిల్లలు గేటు దాకా వచ్చి, లోపలికి తొంగిచూసి వెళ్తున్నారు.

మొన్న పొడుగోడు వచ్చాడు, నాన్న తొలి శిష్యుడు, షాపులకి బోర్డులు రాసే అతను. టీ ఇస్తే సాసర్లో కప్పు గలగలలాడింది. "గురువుగారి విద్యంతా వచ్చేసిందక్కా, వణుకుతో సహా" అని నవ్వాడు.

సోమవారం ఆరోగ్యశాఖ వాళ్ళు వచ్చి శిష్యులందరి రక్తం పరీక్షిస్తారు. ఎవరెవరో నేనే చెప్పాను. చెప్పకపోతే రాత్రిళ్ళు నిద్రపట్టేది కాదు. చెప్పాక కూడా పట్టడం లేదు. ఆయన వీధిలో కనబడితే బండి ఆపి దిగి పలకరించే జనం, సోమవారం తర్వాత ఏం చేస్తారో.

ఇది రాయకూడదనే కూర్చున్నానమ్మా. చిన్నప్పుడు ఒకసారి నేనూ ఆ పిల్లల మధ్య చేరి కుంచె పెదాల దాకా తెచ్చాను. నాన్న వరండా అవతలి చివర నుంచి పరుగున వచ్చి లాగేసుకున్నారు. "నీకు చదువుంది, నీకెందుకివి" అన్నారు. మిగతావాళ్ళు నోట్లో తిప్పుకుంటూనే ఉన్నారు, వాళ్ళనేమీ అనలేదు. నా చేతిలో కళ లేదనుకున్నారేమోనని ఇన్నేళ్ళూ లోలోపల కుమిలాను. ఇప్పుడు నీ ఉత్తరం మళ్ళీ తీసి చదివితే చివర్లో నా కూతురి గురించి రాసిన మాట దగ్గర కళ్ళు ఆగిపోయాయి. "దాన్ని మాత్రం తాతయ్య క్లాసులో కూర్చోనివ్వకు" అన్నావు. ఎందుకన్నావు?

తెలిసే ఉంటే తన నోట్లో తను ఎందుకు పెట్టుకుంటారు అనుకుంటాను. తెలియకపోతే ఆ రోజు అలా ఎందుకు పరిగెత్తుకొచ్చారని వెంటనే అనిపిస్తుంది. పక్కగదిలో ఒక్కో డబ్బా మూత తీస్తున్న చప్పుడు. పాత పొడి కోసం వెతుకుతున్నారు.

సోమవారంలోగా ఆయన్ని అడగాలా? ఆయనకి తెలుసో లేదో నేను తేల్చుకోలేకపోతున్నాను. నీకు తెలుసో లేదో కూడా.

ఇట్లు,
నీ పెద్దమ్మాయి